బ్లాక్ హీటర్ పనిచేస్తోందా? చలి ముదరకముందే తేల్చుకోండి

గడ్డకట్టే చలిలో బండి తేలిగ్గా స్టార్ట్ అయ్యేలా ఇంజిన్‌ను ముందే కరెంటుతో వెచ్చబెట్టేది ఇంజిన్ బ్లాక్ హీటర్. అది చెడిపోతే ఆ సంగతి ఎవరికీ చెప్పదు. బ్యాటరీకి, ఇంజిన్ ఆయిలుకు ఉన్నట్టు డ్యాష్‌బోర్డులో దానికి హెచ్చరిక దీపం ఉండదు. రాత్రి ప్లగ్గు తగిలించి నిశ్చింతగా పడుకుంటాం. తెల్లవారాక మైనస్ 30 డిగ్రీల చలిలో తాళం తిప్పితే ఇంజిన్ మూలుగుతుంది తప్ప అందుకోదు. హీటర్ ఎప్పుడో చచ్చిపోయిందని అప్పుడు తెలుస్తుంది. ఒక సరుకు రవాణా సంస్థలో వాహనాల బాగోగులు చూడటం నా ఉద్యోగం. చలికాలపు ఉదయాల్లో నాకు వచ్చే ఫోన్లలో చాలావాటి వెనుక ఉన్నది ఈ కథే. ఫోన్ చేసినవాళ్ల ఇంట్లో ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన రోజు అదే అయితే ఏమిటి గతి అని ప్రతిసారీ మనసు పీకుతుంది. అందుకే అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ చెబుతుంటాను: శరదృతువులోనే, చేతులు కొంకర్లు పోకముందే హీటరును పరీక్షించుకోండి.

ముందుగా ఒక భ్రమ వదిలించుకోవాలి. "పోయిన వారం మైనస్ 15లో చక్కగా స్టార్ట్ అయింది, కాబట్టి హీటర్ బాగానే ఉంది" అంటారు చాలామంది. అది హీటర్ గొప్పతనం కాకపోవచ్చు. పలుచటి సింథటిక్ ఆయిలు, కొత్త బ్యాటరీ ఉన్న ఈనాటి పెట్రోలు ఇంజిన్లు ఆ మాత్రం చలిలో హీటర్ లేకుండానే అందుకుంటాయి. ఎక్స్‌టెన్షన్ వైరు చివర వెలిగే చిన్న దీపం కూడా సాక్ష్యం కాదు. చాలా వైర్లలో ఆ దీపం కరెంటు అక్కడిదాకా వచ్చిందని మాత్రమే చెబుతుంది. ఆపైన హీటరులోకి వెళ్లిందో లేదో దానికి తెలియదు. నేను నమ్మేవి రెండే: హీటర్ తీసుకుంటున్న కరెంటు, దాని లోపల వేడెక్కే తీగచుట్ట నిరోధం. మిగతా పరీక్షలన్నీ వీటికి తోడు మాత్రమే.

మీ బండిలో ఉన్నది ఏ రకమో చూడండి

ఎక్కువ వాహనాల్లో ఉండేది కూలెంటులో, అంటే ఇంజిన్ వేడిని మోసుకెళ్లే ద్రవంలో, మునిగి ఉండే రకం. ఇంజిన్ బ్లాకుకు (సిలిండర్లు ఉండే లోహపు దిమ్మెకు) పోత పోసినప్పుడు మిగిలే గుండ్రటి రంధ్రాలను లోహపు బిళ్లలతో మూస్తారు. అలాంటి ఒక బిళ్ల తీసి దాని స్థానంలో హీటరును బిగిస్తారు. తీగచుట్ట వేడెక్కితే చుట్టూ ఉన్న కూలెంటు వేడెక్కి పైకి లేస్తుంది, చల్లనిది కిందికి దిగుతుంది. పంపు అక్కర్లేకుండానే వేడి బ్లాకంతా పాకుతుంది. రేడియేటర్ కింది గొట్టం మధ్యలో అమర్చే రకం ఉంది. ఆయిలు పాత్ర అడుగున అతికించే మెత్త రకం ఉంది. భారీ వాహనాల్లో కూలెంటును తిప్పుతూ వేడిచేసే తొట్టి రకం కూడా కనిపిస్తుంది. ఈ ఆలోచన పాతదే. అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రపు గ్రాండ్ ఫోర్క్స్‌కు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ సిలిండర్ హెడ్ బోల్టు స్థానంలో బిగించే విద్యుత్ హీటరుకు 1949లో పేటెంటు పొందారు.

ముందు గ్రిల్లు వెనకనో, బంపరు దగ్గరో, బ్యాటరీ పక్కనో మూడు పిన్నుల ప్లగ్గు కనిపిస్తే హీటర్ ఉన్నట్టే అనుకోవచ్చు. ప్లగ్గు కనిపించకపోయినంత మాత్రాన హీటర్ లేదని అనుకోకండి. కొన్ని డీజిల్ ట్రక్కుల్లో ఫ్యాక్టరీలోనే హీటర్ బిగించి, వైరును మాత్రం విడిగా అమ్ముతారు. బండితో వచ్చిన పుస్తకంలోనో హీటర్ మీదనో వాట్లు, వోల్టులు రాసి ఉంటాయి. ఆ రెండు అంకెలూ రాసుకోండి, తర్వాత ప్రతి లెక్కకూ అవే ఆధారం. కార్లలో సాధారణంగా 400 నుంచి 750 వాట్ల దాకా, పెద్ద డీజిల్ ఇంజిన్లలో 1000 నుంచి 1500 వాట్ల దాకా ఉంటుంది. ఉత్తర అమెరికా హీటర్లు 120 వోల్టులకు, ఐరోపావి 230 వోల్టులకు తయారవుతాయి. 120 వోల్టుల హీటరును 230 వోల్టుల సాకెట్లో పెడితే అది ఉండాల్సిన దానికి దాదాపు నాలుగు రెట్ల శక్తి తీసుకుని కాలిపోతుంది. వేరే దేశం నుంచి తెచ్చిన బండి అయితే దీన్ని తప్పక చూసుకోండి.

సాకెట్టులో కరెంటు ఉందా

నిందంతా హీటర్ మీద వేయకముందు గోడ దగ్గర మొదలుపెట్టండి. ఒక టేబుల్ దీపాన్ని సాకెట్టులో కాకుండా ఎక్స్‌టెన్షన్ వైరు చివర పెట్టి చూడండి. అక్కడ వెలిగితే సాకెట్టూ వైరూ రెండింటిలోనూ దారి ఉన్నట్టే. వెలగకపోతే బ్రేకరు, టైమరు, లీకేజీ పసిగట్టి ఆగిపోయే సాకెట్టు మీది మీట చూడండి. ఉమ్మడి పార్కింగ్ స్థలాల్లో ఇంకో మెలిక ఉంది. విద్యుత్ ఆదా కోసం కొన్నిచోట్ల సాకెట్లకు కరెంటును విడతలుగా, కొంతసేపు ఇస్తూ కొంతసేపు ఆపుతూ సరఫరా చేస్తారు. మరికొన్నిచోట్ల బయటి ఉష్ణోగ్రత ఒక మెట్టు కిందికి దిగితే తప్ప ఇవ్వరు. అక్కడ క్షణం సేపు చూసి "కరెంటు లేదు" అని తీర్మానించడం తొందరపాటు.

చెవి ఒగ్గి వినండి

కూలెంటులో మునిగే రకానికి ఇది ఖర్చు లేని పరీక్ష. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, చుట్టూ సద్దు లేని వేళ ప్లగ్గు తగిలించి బానెట్ దగ్గర నిలబడండి. కొద్ది నిమిషాల్లోనే నీళ్ల కెటిల్ కాగబోయే ముందు చేసే సన్నని చిరచిర శబ్దం వినిపిస్తే తీగచుట్ట వేడెక్కుతోంది. వినిపించకపోతే మాత్రం ఏదీ తేలలేదనే అర్థం. తక్కువ వాట్ల హీటర్లు గుట్టుగా పనిచేస్తాయి, ఆయిలు పాత్ర కింది మెత్తలు అసలు చప్పుడే చేయవు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష

గోడ సాకెట్టుకూ వైరుకూ మధ్య పెట్టే చిన్న వాట్ మీటరు దొరుకుతుంది. విద్యుత్తు గురించి ఏమీ తెలియని వాళ్లకు కూడా నేను మొదట చెప్పేది ఇదే, ఎందుకంటే ఇందులో ఊహకు చోటు లేదు. బండి ప్లగ్గు దీని ద్వారా తగిలించి తెర మీద అంకె చూడండి. 400 వాట్ల హీటరుకు 400కు దగ్గరగా కనిపించాలి. పొడవాటి వైరు వల్ల వోల్టేజీ కొంచెం పడిపోతుంది కాబట్టి కాస్త తక్కువ చూపినా కలవరపడకండి. సున్నా చూపితే దారి ఎక్కడో తెగింది, లేదా చలిని బట్టి కరెంటును వదిలే థర్మోస్టాట్ ఆపుతోంది. ఆ సంగతి కింద చెబుతాను. రాసిన దానిలో సగమే చూపితే తీగచుట్టలోనో కనెక్షన్‌లోనో జబ్బు ఉంది. అంకె ఎగిరెగిరి పడుతుంటే ఎక్కడో పిన్ను వదులుగా ఉందని అర్థం. అలాంటి చోటే నిప్పు పుడుతుంది, వెంటనే ప్లగ్గు తీసేయండి. ఈ మీటరుకు ఎంత కరెంటు దాకా తట్టుకునే శక్తి ఉందో దాని మీద చూశాకే 1500 వాట్ల హీటరు పెట్టండి. 120 వోల్టుల దగ్గర అది 12.5 ఆంపియర్లు లాగుతుంది.

ఎలక్ట్రీషియన్లు వాడే క్లాంప్ మీటరు ఉంటే అదీ పనికొస్తుంది. అయితే దాన్ని మొత్తం వైరు చుట్టూ పెడితే సున్నా చూపిస్తుంది. వెళ్లే కరెంటూ తిరిగొచ్చే కరెంటూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. లోపలి తీగల్లో ఒక్కదాని చుట్టూ మాత్రమే పెట్టాలి. అందుకు తీగలు విడివిడిగా బయటికి వచ్చే అడాప్టరు కావాలి. ఉన్న వైరును కోసి తీగలు విడదీయకండి.

మల్టీమీటరుతో

ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం. హీటర్ బతికి ఉందో లేదో చెప్పడమే కాకుండా జబ్బు ఎక్కడుందో చూపించే పరీక్ష ఇదే.

ఇంజిన్ ఆపి, బండి ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా తీసేయండి. కరెంటు ఉన్నప్పుడు ఓముల పరీక్ష, అంటే నిరోధం కొలిచే పరీక్ష, చేయకూడదు. మీటరును ఓముల మీద పెట్టి, దాని రెండు మొనలూ ఒకదానికొకటి తాకించండి. అర ఓము లోపు ఏదో అంకె కనిపిస్తుంది, అది మొనల సొంత నిరోధం. ఇప్పుడు బండి ప్లగ్గులో కరెంటు మోసే రెండు పిన్నులకు చెరొక మొన తాకించండి. ఎర్తు పిన్నును ఇప్పుడే ముట్టకండి.

ఎంత రావాలో లెక్క సులువు: వోల్టులను వోల్టులతోనే గుణించి, వాట్లతో భాగించండి. 120 వోల్టుల హీటర్లలో 400 వాట్లకు 36 ఓములు, 600కు 24, 750కి సుమారు 19, 1000కి 14.4, 1500కు 9.6 రావాలి. 230 వోల్టులకైతే 500 వాట్లకు దాదాపు 106 ఓములు, 1000కి 53. వచ్చిన అంకె దీనికి దగ్గరగా ఉంటే తీగచుట్ట ఆరోగ్యంగా ఉంది. మీటరు తెర మీద ఓఎల్ అనో 1 అనో స్థిరంగా నిలబడిపోతే దారి తెగింది. సున్నాకు చేరువలో ఏదో చిన్న అంకె వస్తే లోపల తీగలు ఒకదానికొకటి తగులుకున్నాయి. ఆ ప్లగ్గును మళ్లీ గోడకు తగిలించవద్దు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. దయచేసి ఆగకండి, ప్రాణానికి సంబంధించిన భాగం ఇంకా ఉంది. ఒక మొన ఎర్తు పిన్ను మీద పెట్టి, రెండో మొనను కరెంటు పిన్నులకు ఒక్కొక్కదానికే తాకించండి. రెండుసార్లూ ఓఎల్ రావాలి. ఏదైనా అంకె వస్తే కరెంటు బండి శరీరంలోకి కారుతోంది. తడి నేల మీద నిలబడి తలుపు ముట్టుకున్న మనిషికి షాక్ తగలవచ్చు. తర్వాత ఎర్తు పిన్నుకూ ఇంజిన్ మీద రంగు లేని శుభ్రమైన లోహానికీ మధ్య చూడండి. ఇక్కడ మాత్రం సున్నాకు దగ్గరగా రావాలి. రాకపోతే ఎర్తు తీగ తెగిపోయింది. అంటే హీటర్ వేడెక్కుతూనే ఉంటుంది, కాపాడాల్సిన తీగ మాత్రం ఉండదు. మల్టీమీటరు వాడేది చిన్న బ్యాటరీ కాబట్టి, ఇంటి వోల్టేజీ దగ్గర మాత్రమే బయటపడే లీకేజీని అది పట్టుకోలేకపోవచ్చు. లీకేజీ సాకెట్టు పదే పదే ఆగిపోతుంటే మీటరు ఏం చెప్పినా సాకెట్టు మాటే నమ్మండి. అది ఆగిపోతోందని విసుగొచ్చి ఎర్తు పిన్ను విరిచేసిన ప్లగ్గులు నేను చూశాను. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి.

దారి తెగినట్టు వస్తే వెంటనే కొత్త హీటర్ కొనకండి. చాలా హీటర్లకు వైరు విడిగా ఊడి వస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు హీటరు దగ్గర వైరు తీసి, హీటరు సొంత పిన్నుల మధ్య ఓములు చూడండి. అక్కడ సరైన అంకె వస్తే జబ్బు వైరుదే, హీటరుది కాదు. వైరును ఒక్కో తీగ చొప్పున చివరి నుంచి చివరికి కొలవండి, కొలుస్తూ వంచి కదిలించండి. నా అనుభవంలో హీటర్ కంటే ముందు పోయేది వైరే. ఉప్పు, బురద, ఇంజిన్ కదలిక, గ్రిల్లు అంచుల ఒరిపిడి అన్నీ పడేది దాని మీదే. పిన్నుల మీద పచ్చటి చిలుము ఉంటే శుభ్రం చేసి, విద్యుత్ కనెక్షన్లకు వాడే గ్రీజు పూసి గట్టిగా నొక్కి పెట్టండి. సగం మాత్రమే కూర్చున్న కనెక్షన్ కూడా దారి తెగినట్టే చూపిస్తుంది.

చెడిపోని హీటరును చెడిపోయిందనిపించే థర్మోస్టాట్

ఒక మిత్రుడు తన డీజిల్ పికప్ హీటర్ కాలిపోయిందని కొత్తది తెప్పించే ప్రయత్నంలో ఉన్నాడు. మల్టీమీటరు ఓఎల్ చూపిస్తోంది, వాట్ మీటరు సున్నా. పరీక్ష చేసింది వెచ్చటి గ్యారేజీలో. కొన్ని పికప్ ట్రక్కుల హీటర్ వైరులో ప్లగ్గు చివరనే చిన్న థర్మోస్టాట్ ఉంటుంది. దాదాపు మైనస్ 18 డిగ్రీల కంటే చలి పెరిగితే తప్ప అది కరెంటును లోపలికి పోనివ్వదు. అంతకంటే వెచ్చగా ఉన్న ఏ పూట కొలిచినా దారి తెగినట్టే కనిపిస్తుంది. మేం ఆ వైరు తీసి హీటరు పిన్నుల దగ్గర నేరుగా కొలిస్తే అంకె ఉండాల్సినట్టే ఉంది. కొత్త హీటర్ ఖర్చు, కూలెంటు దింపే శ్రమ రెండూ తప్పాయి. మీ ప్లగ్గు మామూలు కంటే లావుగా ఉన్నా, బండి పుస్తకంలో ఇలాంటి మాట ఉన్నా నేరుగా హీటరు దగ్గరే కొలవండి. లేదంటే బాగా చలి ఉన్న రాత్రి ప్లగ్గును బయట వదిలి, తెల్లవారాక చూడండి.

వేడి నిజంగా చేరుతోందా

కరెంటు లాగుతున్నంత మాత్రాన ఇంజిన్ వేడెక్కుతోందని పూర్తిగా చెప్పలేం. కూలెంటు తగ్గి హీటరు చుట్టూ గాలి చేరితే వేడి కూలెంటుకు ఎక్కదు. రాత్రంతా బయట ఉన్న బండిని ఉదయం స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, బండి కంప్యూటరులోని అంకెలు చూపే డయాగ్నొస్టిక్ రీడరులో కూలెంటు ఉష్ణోగ్రత చూడండి. హీటర్ పెట్టని రోజున అది బయటి గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. పెట్టిన రోజున స్పష్టంగా ఎక్కువ ఉండాలి. ఎంత ఎక్కువ అన్నది ఇంజిన్ పరిమాణాన్ని, వాట్లను, గాలిని బట్టి మారుతుంది. ఈదురుగాలి వేడిని ఊడ్చుకుపోతుంది కాబట్టి రెండు రోజులనూ పోల్చేటప్పుడు గాలినీ గుర్తుంచుకోండి.

రీడరు లేకపోతే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో హీటరు దగ్గరి బ్లాకు మీద ప్లగ్గు పెట్టే ముందోసారి, రెండు మూడు గంటల తర్వాత ఇంకోసారి కొలవండి. మెరిసే అల్యూమినియం మీద ఈ పరికరం తప్పుడు అంకె ఇస్తుంది. నల్లటి లేదా రంగు వేసిన చోటు చూసుకోండి. రేడియేటర్ ముట్టుకుని "చల్లగా ఉంది, పనిచేయడం లేదు" అనుకోవద్దు. కూలెంటును రేడియేటర్‌కు వదిలే ఇంజిన్ థర్మోస్టాట్ (వైరులోది కాదు) మూసి ఉన్నప్పుడు వేడి బ్లాకులోనే ఉండిపోతుంది, ఉండాలి కూడా. ఆయిలు పాత్ర కింద మెత్త ఉన్నవారు ఆ పాత్రనే కొలవాలి.

కూలెంటు మట్టం, హీటరు అంచున ఎండిన మరకలు ఈ పూటే చూసేయండి. తీగచుట్ట కూలెంటులో మునిగి లేకుండా వెలిగితే చాలా త్వరగా కాలిపోతుంది. బయట బల్ల మీద పెట్టి కరెంటు ఇచ్చి చూడటం అందుకే నిషిద్ధం.

ప్లగ్గు వేడి

ప్లగ్గు పెట్టిన అరగంటకు ప్రతి కలయిక దగ్గరా ముట్టుకుని చూడండి: గోడ సాకెట్టు, ఎక్స్‌టెన్షన్ చివర, బండి ప్లగ్గు. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి ఆన్చలేనంత వేడి, గోధుమరంగు మరక, కరిగిన అంచు, కాలిన వాసన కనిపిస్తే ఆ భాగాన్ని మార్చే దాకా వాడకండి. ఎక్స్‌టెన్షన్ వైరు ఆరుబయట వాడకానికి తయారైన మూడు తీగలది కావాలి. ఇంటి లోపల వాడేవి చలికి బిరుసెక్కి పగులుతాయి. ఉత్తర అమెరికాలో మామూలు హీటరుకు 14 గేజి, ఎక్కువ దూరానికీ పెద్ద వాట్లకూ 12 గేజి తీసుకోండి. అంకె తగ్గితే తీగ లావు పెరుగుతుంది. ప్లగ్గుతో సహా బండి నడిపేసి వైరు తెంపుకోవడం ఏటా జరిగేదే. వైరును డ్రైవరు వైపు తలుపు పిడికి ఒకసారి చుట్టి తీసుకెళ్తే అది విప్పకుండా బండి ఎక్కలేరు.

రాత్రంతా వెలిగించాల్సిన పని లేదు. బయలుదేరడానికి రెండు మూడు గంటల ముందు టైమరు పెడితే చాలా కార్లకు సరిపోతుంది. పెద్ద డీజిల్ ఇంజిన్లకు ఇంకాస్త ముందు పెట్టండి.

హీటర్ చచ్చిపోయిందని తేలితే

బండి చాసిస్ నంబరును తయారీదారు వెబ్‌సైట్‌లో ఇచ్చి రీకాల్ ఉందేమో ముందు చూడండి. మంటల ప్రమాదం వల్ల బ్లాక్ హీటర్లనూ వాటి వైర్లనూ వెనక్కి పిలిచిన సందర్భాలు ఉన్నాయి. రీకాల్ ఉంటే మరమ్మతు ఉచితం. లేకపోతే, వైరు మార్చడం ఇంటి దగ్గర చేసుకోదగ్గ పనే. కూలెంటులో మునిగే హీటరు మార్చాలంటే మాత్రం కూలెంటు దింపాలి, కొత్త సీలు సరిగ్గా కూర్చోవాలి, తిరిగి నింపాక గాలి బుడగలు పూర్తిగా పోవాలి. అలవాటు లేనివారు మెకానిక్‌కు అప్పగించడం మేలు. బండి కింద నిప్పులు పెట్టడం, బానెట్ కింద గది హీటరు దూర్చడం వంటి ప్రయోగాలు ఎవరు సలహా ఇచ్చినా వద్దు.

కొత్త హీటరు బిగించాక ఇంజిన్‌ను పూర్తి వేడికి వచ్చేదాకా నడిపి, చల్లారాక కూలెంటు మట్టం సరిచూసి, ఆ తర్వాతే మొదటిసారి ప్లగ్గు పెట్టించండి. షాపు నుంచి బండి తెచ్చుకునే ముందు ఓములు ఒకసారి కొలిచి, ఆ అంకెను తేదీతో సహా చిన్న పట్టీ మీద రాసి బానెట్ లోపలివైపు అంటించండి. మా బండ్లన్నిటికీ అలాంటి పట్టీ ఉంది. వచ్చే శరదృతువులో కొలిచిన అంకె దాని పక్కన రాస్తాం, రెండింటికీ తేడా కనిపిస్తే ఆ బండిని ముందు వరుసలో నిలబెట్టి వైరు ఊడదీయడం మొదలుపెడతాం.